తెలియక తిన్నామంటే చెల్లదు

సంపాదక మహాశయులకు,

డోపింగ్ పరీక్షలో ఎవరైనా దొరికినప్పుడల్లా "సప్లిమెంటులో ఏం కలిసిందో పాపం వాళ్లకేం తెలుసు" అన్న మాట వినిపిస్తుంటుంది. ఆ జాలి నాకూ ఉంది. అందుకోసం నిబంధనను సడలించాలంటే మాత్రం ఒప్పుకోలేను.

2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లోనూ, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లోనూ స్వర్ణం గెలిచిన మన మహిళల రిలే జట్టులోని అశ్విని అక్కుంజి, మన్‌దీప్ కౌర్, సిని జోస్‌లతో సహా ఆరుగురు రన్నర్లు మరుసటి ఏడాదే స్టెరాయిడ్ల కేసులో చిక్కుకున్నారు. విదేశీ కోచ్ చైనాలో కొని తెచ్చిన జిన్సెంగ్ అనే మూలికా సప్లిమెంటు వల్లే ఇలా జరిగిందన్నది వారి వాదన. ఇక్కడి విచారణ సంఘం ఏడాది నిషేధంతో సరిపెట్టగా, క్రీడల ఆర్బిట్రేషన్ కోర్టు 2012లో దాన్ని రెండేళ్లకు పెంచడంతో లండన్ ఒలింపిక్స్ చేజారాయి.

నమూనాలో నిషేధిత పదార్థం కనబడితే చాలు, ఉద్దేశంతో నిమిత్తం లేకుండా ఉల్లంఘన జరిగినట్లేనన్నది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ 'వాడా' నియమావళి. తెలిసి మింగారో తెలియక మింగారో తేల్చే యంత్రం ఏ ల్యాబులోనూ లేదు కదా! పక్క లేన్‌లో పరుగెత్తి నాలుగో స్థానంతో ఇంటికి వెళ్లిన అమ్మాయికి ఆ తేడాతో ఒరిగేదీ లేదు. సప్లిమెంటు కలుషితమైందని, తన నిర్లక్ష్యం పెద్దగా లేదని చూపగలిగితే శిక్ష మందలింపు నుంచి గరిష్ఠంగా రెండేళ్ల వరకే ఉంటుంది గానీ, ఆ రుజువు తేవలసింది క్రీడాకారులే.

వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో, జిల్లా పోటీలకు వచ్చిన ఒక కుర్రాడి సంచిలో పాలిథిన్ కవరు నిండా లేత గులాబీ రంగు పొడి, అందులో గుచ్చిన ప్లాస్టిక్ చెంచా చూశాను. ఏమిట్రా ఇది అంటే "ప్రోటీన్ సార్, జిమ్ అన్న ఇచ్చిండు" అన్నాడు. డబ్బా లేదు, బ్యాచ్ నంబరు లేదు, బిల్లు లేదు. వాడి నమూనాలో ఏదైనా బయటపడితే విచారణలో ఏం చూపిస్తాడు?

మూలికే కదా అన్న ధీమా మరీ ప్రమాదం. జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌ను 21 నెలలు ఆటకు దూరం చేసిన హైజినమిన్ అనే నిషేధిత పదార్థం కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంటుంది. లేబుల్ మీద మొక్క పేరే ఉండి, హైజినమిన్ అన్న మాట లేకపోవచ్చు.

జిల్లా మీట్లలో చెస్ట్ నంబర్లు ఇచ్చే బల్ల దగ్గరే పిల్లలకు రెండు సంగతులు చెప్పే ఏర్పాటు చేయాలని క్రీడాశాఖను కోరుతున్నాను: నమూనా ఇచ్చేటప్పుడు గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్ల పేర్లన్నీ ఫారంలో రాయాలని, కొన్న ప్రతి డబ్బాకూ బిల్లుతో పాటు అదే బ్యాచ్‌లోని సీలు విప్పని డబ్బా ఒకటి దాచుకోవాలని.

— విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, హనుమకొండ