డెంగీ టీకా లేటయితే తిట్టుకోవద్దు

సంపాదకుడు గారికి,

వానలు పడితే చాలు మా కొర్లగుంట వైపు డెంగీ భయమే, కరోనాకి ఏడాదిలో టీకా తెచ్చినోళ్లు దీనికెందుకు తేలేదని టీ అంగడి కాడ అందరూ తిట్టేవాళ్లే.

చిక్కంతా యాంటీబాడీల్లోనే, అంటే రోగంతో పోరాడటానికి మన ఒంట్లో తయారయ్యే రక్షణ పదార్థాల్లోనే ఉంది సార్. డెంగీ వైరస్ నాలుగు రకాలు, ఒకటి వచ్చి తగ్గితే అదే రకం మళ్లీ రావడం అరుదు గానీ ఇంకో రకం వచ్చిందంటే పాత యాంటీబాడీలు దాన్ని అంటుకుంటాయే తప్ప ఆపలేవు, పైగా తెల్లకణాల్లోకి దూరడానికి సాయం చేస్తాయి, దొంగకి మనమే తాళంచెవి ఇచ్చినట్టు. అందుకే రెండోసారి డెంగీ ఎక్కువ డేంజర్.

ఫిలిప్పీన్స్‌లో 2016లో బడిపిల్లలకి డెంగ్వాక్సియా అనే డెంగీ టీకా వేశారు. అంతకుముందు డెంగీ రాని పిల్లలకి టీకా వేశాక డెంగీ వస్తే సీరియస్ అయ్యే ఛాన్స్ ఎక్కువని 2017 చివర్లో ఆ టీకా తయారుచేసిన కంపెనీయే చెప్పింది, అంటే టీకానే మొదటి జ్వరంలా పనిచేసిందన్నమాట. ప్రోగ్రాం ఆగిపోయింది, జనానికి వేరే టీకాల మీద కూడా నమ్మకం పోయింది, అదీ అసలు నష్టం.

మన దగ్గర ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి), పనేసియా బయోటెక్ కంపెనీ 2024లో డెంగీ టీకాకి మూడో దశ ట్రయల్ మొదలుపెట్టి, టీకా వేసినోళ్లని రెండేళ్లు గమనిస్తామన్నాయి. నాకైతే ఈ నిదానమే కరెక్టు. ఇంతకుముందు డెంగీ వచ్చుంటే జ్వరం రాగానే డాక్టరుకి ఆ మాట ముందే చెప్పాలని మీ జిల్లా పేజీలో కాస్త పెద్దక్షరాల్లో వేయండి.

ఒక పాఠకుడు, తిరుపతి