మూడో వరస మొక్కల సంగతి

చిన్నీ,

నీ ఉత్తరం వచ్చి ఐదు వారాలు దాటింది. నాన్న ఫోన్ చేసినా "తర్వాత మాట్లాడతా" అని పెట్టేస్తున్నావట. ఈలోపు పిన్ని ఒక కబురు మోసుకొచ్చింది, నువ్వు ప్రయోగం మానేస్తున్నావని. అది నిజమా అని నేనడగను. ఊరికే మొక్కల గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను.

"పోషకాలు తగ్గిస్తే వేళ్ళు పెరగాలి కదా, మూడో వరసలో తగ్గిపోయాయి, అంతా తప్పయింది" అని రాశావు. తప్పని ఎలా తేల్చావు? నత్రజని చాలకపోతే వేళ్ళ వాటా, అంటే మొక్క మొత్తం బరువులో వేళ్ళకు దక్కే భాగం, పెరుగుతుంది, నిజమే. వేళ్ళ నుంచి పైకి వెళ్ళే సైటోకైనిన్ అనే పెరుగుదల హార్మోన్ తగ్గి ఆకు పెరుగుదల నెమ్మదిస్తుంది. అప్పటికి చక్కెర తయారీ అంతగా పడిపోదు కాబట్టి మిగిలింది కిందికి పోతుంది. భాస్వరం చాలకపోయినా అంతే, పైగా వేరు మీది సన్నటి నూగు పొడవవుతుంది. నీటి కరువులోనూ ముందు ఆగేది ఆకే. నీటి ఎద్దడిని మెగాపాస్కల్‌లలో కొలుస్తారు, ఎంత మైనస్ అయితే అంత కరువు. మొక్కజొన్న మొలకలో మైనస్ 0.8 దగ్గర పైభాగం ఆగిపోతే, మైనస్ 1.6 దగ్గర కూడా వేరు కొన మెల్లగా సాగుతూనే ఉంటుంది. వెలుతురు చాలకపోతే ఇదంతా తిరగబడుతుంది: ఆకులు పలచబడి వెడల్పవుతాయి, కాండం సాగుతుంది, వేళ్ళకు దక్కేది తక్కువ.

అయితే వేరుకు వాటా పెరగాలంటే ముందు చక్కెర ఆకులోంచి బయటపడాలి. చక్కెరను కిందికి మోసే ఫ్లోయెం గొట్టాల్లోకి సుక్రోజ్ అనే ఆ చక్కెరను ఎక్కించే పనికి మెగ్నీషియం, పొటాషియం రెండూ కావాలి. 1994లో మొక్కల పోషణ శాస్త్రవేత్తలు చాక్మాక్, మార్ష్నర్ బృందం చిక్కుడు జాతి మొక్కలతో చేసిన పని నువ్వు శ్రద్ధగా చదవాలి. పోషక ద్రావణంలో పెంచి, కొన్నిటికి భాస్వరం, కొన్నిటికి పొటాషియం, కొన్నిటికి మెగ్నీషియం లేకుండా చేశారు. భాస్వరం లేని వాటిలో వేళ్ళ వాటా పెరిగింది. మిగతా రెండిట్లో తగ్గింది, మెగ్నీషియం లేని వాటిలో మరీ. ఆకులు చూస్తే సుక్రోజ్‌తో నిండిపోయి ఉన్నాయి, కింద వేళ్ళు మాత్రం ఆకలితో ఉన్నాయి. మెగ్నీషియం మళ్ళీ ఇచ్చాక ఒక రోజు లోపే రవాణా మొదలైంది. అంటే ఆకు చక్కెర చేయలేక కాదు, పంపలేక.

కాబట్టి నీ మూడో వరసలో ఏది తగ్గించావో ముందు చూసుకో. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే మెగ్నీషియం, అంచులు మాడితే పొటాషియం. ఇంకా అనుమానముంటే తెల్లవారకముందే ఒక ఆకు కోసి, మరిగే నీళ్ళలో నిమిషం ముంచి, ఆల్కహాల్‌లో రంగు పోగొట్టి, అయోడిన్ వెయ్యి. బాగున్న ఆకులో పిండిపదార్థం రాత్రికి రాత్రే ఖర్చయి మరక లేతగా పడుతుంది. దారి మూసుకుపోయిన ఆకు నల్లగా తేలుతుంది. ఆల్కహాల్ గిన్నెను వేడినీళ్ళ పాత్రలోనే పెట్టు, దగ్గర మంట ఉండకూడదు. తెల్లవారుజామున లేచావని తిండి మానేయకు.

ఇంకో రెండు చోట్ల జాగ్రత్త. చిన్న మొక్కకూ పెద్ద మొక్కకూ వేళ్ళ వాటా సహజంగానే వేరు. ఎండిన గిడస మొక్కను ఏపుగా ఉన్నదానితో ఒకే రోజు పోలిస్తే వయసు సమానమవుతుంది గానీ పరిమాణం కాదు. నాలుగైదు సార్లు కోసి, వేళ్ళ బరువు, పైభాగం బరువు రెండూ లాగరిథమ్‌లో గీసి చూడు. రెండు రకాల మొక్కల గీతలూ వేరేగా పడితే అప్పుడు మొక్క పద్ధతి మార్చుకున్నట్టు. రెండోది కుండీ: లీటరు మట్టికి మొత్తం పొడి బరువు గ్రాము దాటకుండా చూసుకో. రెండు గ్రాములు దాటిందంటే ఇరుకే కొత్త ఒత్తిడి.

వేళ్ళు కడిగేటప్పుడు అర మిల్లీమీటరు జల్లెడ పట్టు. సన్నవేళ్ళు నీళ్ళలో కొట్టుకుపోతే ఎవరి తప్పూ లేకుండానే వాటా తగ్గుతుంది, తొందరలో అందరూ పోగొట్టుకునేది అక్కడే. 70 డిగ్రీల దగ్గర 48 గంటలు ఆరబెట్టి, బరువు ఇక మారదని తేలాక రాసుకో. ఓవెన్‌లోంచి తీసేటప్పుడు చేతికి తొడుగు వేసుకో. నీకా అలవాటు లేదు, నాకు తెలుసు.

మళ్ళీ చెబుతున్నానని విసుక్కోకు. మూడో వరస తప్పు కాదేమో, నీకు దొరికిన అసలు ఫలితం అదేనేమో. ఆ మొక్కలు పారేయకుండా ఆగు. పారేసి ఉంటే, మిగిలిన ఎండిన ఆకులైనా కాగితంలో చుట్టి ఉంచు, మెగ్నీషియం కొలిపించవచ్చు.

మూడో వరస బరువులు, ఏ రోజు కోశావో, కుండీ ఎంతదో రాసి పంపు. నిద్ర సరిగ్గా పోతున్నావో లేదో కూడా. పిన్ని మళ్ళీ అడిగితే ఏం చెప్పాలో అదీ రాయి.

అమ్మ