డ్రైవింగ్ పరీక్షకు ఇంత నిరీక్షణా?

సంపాదకునికి,

ఎల్ఎల్ఆర్ (డ్రైవింగ్ నేర్చుకునేవారికి ఇచ్చే లైసెన్సు) వచ్చిన 30 రోజుల తర్వాత డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు. కానీ స్లాటు దొరకడమే గగనమవుతోంది. ఎల్ఎల్ఆర్ గడువేమో ఆరు నెలలే. పరీక్ష పెట్టే మోటారు వాహన తనిఖీ అధికారే రోడ్డుపై తనిఖీలూ చేయాలి. ఇక అభ్యర్థులకు మిగిలే సమయమెంత? పరీక్షలో తప్పితే మళ్లీ కనీసం వారం ఆగి, కొత్త స్లాటు వెతుక్కోవాలి. ఉదయగిరి, వింజమూరు మెట్ట ప్రాంతంలో ఎందరో యువకులకు ఆటో, ట్రాక్టరే బతుకుతెరువు. లైసెన్సు చేతికి రానిదే వారికి పని ఎవరిస్తారు?

గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో నేర్చుకున్నవారికి ఈ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చే నిబంధన 2021 జులై నుంచే ఉంది. అలాంటి కేంద్రం మెట్టలో పెట్టాలి. అందాకా సెలవు రోజుల్లోనైనా అదనపు స్లాట్లు ఇవ్వాలని రవాణా శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, వింజమూరు, నెల్లూరు జిల్లా