ప్రాగ్ నుంచి నాయినకు: ఆ కుజుడి సంగతి

నాయినకు,

నమస్తే. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ అమ్మా నాయనమ్మా బాగున్నారని తలుస్తాను. మొన్న అమ్మ మాట మధ్యలోనే ఫోన్ పెట్టేసింది, అప్పటి నుంచి మనసు మనసులో లేదు. మళ్లీ ఫోన్ చేసినా అదే జరుగుతుంది. అమ్మ ఏడుస్తుంది, నేను గొంతు పెంచుతాను, నువ్వేమో "సరే సరే, తర్వాత మాట్లాడుకుందాం" అని బావి కాడికి పోతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ముందు నువ్వు చదువుకో, తర్వాత అమ్మకు చదివి వినిపించు. కోపంగా అనిపించిన చోట కాస్త మెత్తగా చదువు.

పని సంగతి చెప్పడానికేం లేదు, నడుస్తోంది. జీతం టైముకే పడుతోంది. చలి బాగా మొదలైంది, నాలుగింటికే పొద్దు గూకుతోంది. అక్క పంపిన స్వెటర్ వేసుకుంటున్నానని చెప్పు. మొన్న పచ్చిపులుసు చేసుకున్నాను. మిరపకాయలు కాల్చిన ఘాటుకు పక్క గది అమ్మాయి దగ్గుతూ వచ్చి కిటికీలన్నీ తెరిచింది. తర్వాత తనే గిన్నెలో పోయించుకుని తాగింది. చింతపండు దొరుకుతోంది కాబట్టి బతికిపోతున్నాను.

సరే, అసలు సంగతి. సూర్యాపేట సంబంధం వాళ్లు జాతకం చూపించుకుని వెనక్కి తగ్గినందుకు నాకేం బాధ లేదు. నిజంగా లేదు నాయినా. ఆ అబ్బాయి కోసం ఏడ్చేంత మాటలు మా మధ్య నడవనే లేదు. కానీ అమ్మ రాత్రుళ్లు నిద్రపోవడం లేదని తమ్ముడు చెప్పాడు. "నా బిడ్డకు కుజుడు ఏడో ఇంట్ల కూసున్నడు" అని ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పుకుంటోందట. అరటిచెట్టుతో పెళ్లి చేస్తే దోషం పోతుందని అయ్యగారు అన్నారట, సంక్రాంతికి నన్ను అంత గట్టిగా రమ్మంటున్నది అందుకేనట. నేనుండే ఊరి పేరు అమ్మకు తెలుసు గానీ, ఈ ఊరికీ ఆ కుజుడికీ ఉన్న చుట్టరికం తెలియదు. నాకూ ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

ఇక్కడ పాత ఊరి చౌరస్తాలో 1410 నాటి గడియారం ఒకటుంది. గంట కొట్టినప్పుడల్లా పైన బొమ్మలు తిరుగుతుంటే టూరిస్టులు ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. నాకు మాత్రం ఆ బొమ్మల కిందున్న పలక ఇష్టం. మధ్యలో భూమి, చుట్టూ సూర్యుడు, చంద్రుడు, పన్నెండు రాశుల చక్రం. ఉగాదికి పంచాంగం తిరగేసే నీకైతే ఎవరూ చెప్పనక్కర్లేదు, చూడగానే అర్థమవుతుంది. అప్పటికి లోకమంతా అట్లాగే అనుకునేది: భూమి కదలదు, మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. అలెగ్జాండ్రియాలో టాలెమీ అనే ఆయన క్రీ.శ. 150 ప్రాంతంలో కట్టిన లెక్క పద్నాలుగు వందల ఏళ్లు నడిచింది. మన ఆర్యభటుడు 499లోనే భూమి తన చుట్టూ తాను తిరుగుతోందన్నాడు గానీ, తర్వాతి పండితులు చాలామంది ఒప్పుకోలేదు. కేరళలో నీలకంఠ సోమయాజి 1500 ప్రాంతంలో ఇంకాస్త ముందుకు పోయాడు. బుధుడు మొదలు శని దాకా అయిదు గ్రహాలూ సూర్యుడి చుట్టూ తిరుగుతాయనీ, ఆ సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాడనీ లెక్క వేశాడు. గుడిలో నవగ్రహాల చుట్టూ తిరిగేటప్పుడు చూడు, మధ్యలో నిలబడేది సూర్యుడే. భూమి మాత్రం ఆ తొమ్మిదిలో లేదు.

అందరినీ సతాయించింది గ్రహాల వక్రగతి. కుజుడు వక్రించాడంటే అమ్మ ఇంకా భయపడుతుంది కాబట్టి ఇది నిదానంగా చెప్పు. నార్కట్‌పల్లి దాటాక హైవే మీద మన బస్సు లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే, కిటికీలోంచి చూసేవాళ్లకు దూరపు చెట్ల ముందు ఆ లారీ వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. లారీ దాని దారిన అది ముందుకే పోతుంటుంది. భూమి సూర్యుడి చుట్టూ లోపలి దారిలో వేగంగా తిరుగుతూ సుమారు 26 నెలలకోసారి కుజుణ్ణి దాటుతుంది. అప్పుడు రెండు నెలల పైన ఆయన వెనక్కి నడిచినట్టు మనకు కనబడతాడు. వక్రించడమంటే అంతే. ఆయనకు ఎవరి మీదా కోపం రాలేదు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న ఈ మాట యూరప్‌లో పుస్తకంగా అచ్చయింది 1543లో, అది రాసిన కోపర్నికస్ చనిపోయిన ఏడాది. అయితే ఆయన కూడా గుండ్రని దారులు వదల్లేదు. అందుకే సూర్యుణ్ణి నడిమధ్యకు తెచ్చినా లెక్కలు పూర్తిగా కుదర్లేదు.

ఆ గడియారానికి ఎదురుగా ఉన్న చర్చిలో టైకో బ్రాహే అనే ఆయన సమాధి ఉంది. డెన్మార్క్ మనిషి, కుర్రతనంలో కత్తియుద్ధంలో ముక్కు తెగితే లోహపు ముక్కు పెట్టుకు తిరిగాడు. టెలిస్కోపు ఇంకా పుట్టలేదు. పెద్ద పెద్ద కొలత పరికరాలు చేయించుకుని, ఒక దీవిలో ఇరవై ఏళ్లు రాత్రి రాత్రీ ఆకాశాన్ని కంటితోనే కొలిచి రాసుకున్నాడు. అక్కడి రాజుతో చెడి 1599లో ప్రాగ్‌కు వచ్చాడు. మరుసటేడు కెప్లర్ అనే జర్మన్ లెక్కల పండితుడు వచ్చి చేరాడు. మతం మారనన్నందుకు ఉన్న ఊరు వెళ్లగొడితే పెళ్లాన్నీ, ఆమె మొదటి పెళ్లి కూతుర్నీ వెంటబెట్టుకుని పొట్ట చేత పట్టుకుని వచ్చినవాడు. టైకో ఆయనకు అప్పగించిన పని కుజుడు. ఎనిమిది రోజుల్లో తేలుస్తానని గొప్పకు పోయాడట, దగ్గర దగ్గర అయిదేళ్లు పట్టింది.

ఎక్కడ పట్టింది అంటే చెబుతాను, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. గుండ్రటి దారి పెట్టి ఎంత సవరించినా, లెక్కలో వచ్చిన చోటుకూ టైకో రాసుకున్న చోటుకూ 8 నిమిషాల తేడా వచ్చింది. ఇది గడియారం నిమిషం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు. ఆకాశంలో చూస్తే చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు. ఇంకెవరైనా అయితే "కొలవడంలో తప్పు జరిగిందిలే" అని సర్దేసేవారు. టైకో అంత తప్పు చేయడని కెప్లర్‌కు నమ్మకం. అప్పటికే టైకో చనిపోయాడు, అడగడానికి మనిషి లేడు. ఏళ్ల తరబడి వేసిన లెక్కంతా పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాడు. చివరికి కుజుడి దారి వృత్తం కాదు, కోలగా ఉందని, సూర్యుడు దాని నడిమధ్యలో లేడని తేల్చాడు. 1609లో పుస్తకం వచ్చింది.

చింటుతో ఒక పని చేయించు. చెక్క మీద రెండు చిన్న మేకులు 2.8 సెంటీమీటర్ల ఎడంలో కొట్టి, చుట్టూ కొలిస్తే 32.8 సెంటీమీటర్లు వచ్చేట్టు దారం ముడేసి మేకులకు తగిలించమను. పెన్సిల్‌తో దారాన్ని బిగువుగా పట్టి చుట్టూ తిప్పితే కుజుడి దారి వస్తుంది. పొడవు 30 సెంటీమీటర్లు, అడ్డంగా కొలిస్తే మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ తగ్గుతుంది, అంతే. చూస్తే అచ్చం గుండ్రంగానే ఉంటుంది. సూర్యుడు మాత్రం ఒక మేకు దగ్గర ఉంటాడు, నడిమధ్య నుంచి 1.4 సెంటీమీటర్లు పక్కకు. ఆ మిల్లీమీటరు కోసం ఆయన అన్నేళ్లు కొట్టుకున్నాడు. అందుకే కుజుడు సూర్యుడికి ఒకప్పుడు 20.7 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వస్తాడు, ఒకప్పుడు 24.9 కోట్ల దూరం పోతాడు. దగ్గరున్నప్పుడు వేగంగా, దూరమున్నప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. టైకో గనక శుక్రుణ్ణో గురుణ్ణో అప్పగించి ఉంటే వాటి దారులు ఇంకా గుండ్రం, తేడా దొరికేదే కాదేమో. అమ్మ పొద్దస్తమానం తిట్టుకునే ఆ కుజుడే గ్రహాల నడక గుట్టంతా బయటపెట్టాడు!

అయ్యగారిని నేను తక్కువ చేయడం లేదని అమ్మకు చెప్పు. నేను పుట్టిన రాత్రి కుజుడు అక్కడే ఉన్నాడు, ఆ లెక్క సరైనదే. ఇప్పుడు అయ్యగారు జాతకం వేసే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది కూడా కెప్లర్ కోలదారే, తర్వాత న్యూటన్ 1687లో దానికి కారణం చెప్పి దిద్దిన లెక్కే. లెక్క వరకు నాకు పేచీ లేదు. ఆ తర్వాత చెప్పే మాట దగ్గరే పేచీ. రెండు, నాలుగు, ఏడు, ఎనిమిది, పన్నెండు ఇళ్లలో ఎక్కడున్నా దోషమేనట. పన్నెండిట్లో అయిదు పోయాయి నాయినా, ఇంకేం మిగిలింది? ఈ లెక్కన మన వాడలో దగ్గర దగ్గర సగం మందికి ఉండాలి. చిన్నమ్మ జాతకం ఎవరు చూశారు? నీదీ అమ్మదీ ఎవరు చూశారు? మీ పెళ్లి తాత, మామయ్య కల్లు కాడ కుదిర్చిందే కదా. (ఈ ముక్క అమ్మకు చదవకు.)

కెప్లర్ కూడా జాతకాలు చెప్పి బతికినవాడే. పిచ్చి కూతురు జ్యోతిషం సంపాదించకపోతే తల్లి ఖగోళశాస్త్రం పస్తుండాల్సిందేనని ఆయనే రాసుకున్నాడు. ఆయన తల్లి కథ చదివి మాత్రం నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చేతబడి చేస్తుందని ఊళ్లోవాళ్లు 1615లో ఆమె మీద నింద వేశారు. డెబ్బై దాటిన ముసలామెను పట్టుకుపోయి పద్నాలుగు నెలలు గొలుసులతో కట్టి ఉంచారు. కొడుకు పనులన్నీ పక్కనపెట్టి అంత దూరం పోయి, తనే వాదన రాసి 1621లో విడిపించుకున్నాడు. ఆ తర్వాత ఏడాది కూడా బతకలేదు ఆమె. మన దిక్కున కూడా ఇట్లాంటి నిందలకు బలైపోయిన ముసలమ్మల సంగతి నీకు తెలుసు. ఎవరి ఇంట్లో ఏ కష్టమొచ్చినా ఎవరో ఒకరి తలకు చుట్టాలి, ఆకాశంలో కుజుడైనా సరే, వీధి చివర ముసలామె అయినా సరే. అబ్బాయికి నచ్చలేదంటే నచ్చలేదని చెప్పొచ్చు కదా వాళ్లు.

నాయనమ్మ ఎట్లా ఉంది? 1980 ఫిబ్రవరి 16 సంగతి ఆమెను ఇంకోసారి అడుగు. సంపూర్ణ సూర్యగ్రహణం, చంద్రుడి నీడ మన మహబూబ్‌నగర్, నల్లగొండ మీదుగానే పోయింది. అప్పుడు మేనత్త కడుపులో ఉంటే నాయనమ్మను చీకటి గదిలో మెదలకుండా పడుకోబెట్టారని, నువ్వు మాత్రం గడ్డివాము చాటున నిలబడి కోళ్లు గూటికి పోవడం చూశావని చెబుతుంటారు. అదే సమయంలో మనకు ఎంతో దూరంలో లేని జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో సైంటిస్టులు టెలిస్కోపులు పెట్టుకుని, ఏ క్షణాన చీకటి పడుతుందో ముందే తెలిసి ఎదురుచూస్తున్నారు. రాహువు, కేతువు అంటే సూర్యుడి దారిని చంద్రుడి దారి దాటే రెండు చోట్లని తెలిసినవాళ్లకు అది పండుగ. మేనత్తకు ఏమైంది? ఇప్పటికీ నలుగురి పని ఒక్కతే చేస్తోంది.

ఇంకా చాలా ఉంది. 1781లో యురేనస్ దొరికింది, అది లెక్క తప్పి నడుస్తోందని కాగితం మీదే ఇంకో గ్రహం ఉండాలని తేల్చి 1846లో నెప్ట్యూన్‌ను పట్టుకున్నారు. ప్లూటో గ్రహం కాదని ఓటేసింది కూడా ఈ ప్రాగ్‌లోనే, 2006 ఆగస్టులో. నువ్వు నాకు తొమ్మిది గ్రహాలు కంఠస్థం చేయించింది వృథా అయిపోయింది. అదంతా వచ్చినప్పుడు చెబుతాను.

అమ్మకు ఒకటి గుర్తుచెయ్యి. 2014 సెప్టెంబర్ 24న పొద్దున్నే టీవీ ముందు కూర్చుని, మన మంగళ్‌యాన్ కుజుణ్ణి అందుకుందని చెప్పగానే చప్పట్లు కొట్టింది తనే. నెలల ముందే కుజుడు ఎక్కడుంటాడో లెక్క కట్టి అక్కడికి పంపారని నేను చెబితే, "మనోళ్లు గట్టోళ్లే" అన్నది. ఆ కుజుడూ ఈ కుజుడూ ఒక్కడే అమ్మా.

సంక్రాంతికి వస్తాను, టికెట్ చూస్తున్నాను. అరటిచెట్టు మాత్రం వద్దు. మంగళవారం దీపం పెట్టుకుంటానంటే పానగల్లు తీసుకుపో, అమ్మ మనసు కుదుట పడుతుంది, నాకేం అభ్యంతరం లేదు. ఛాయా సోమేశ్వరుడి గుడిలో పొద్దంతా కదలని ఆ నీడ ముందు నన్ను నిలబెట్టి, ఏ స్తంభానిదో చెప్పమని అడిగేవాడివి నువ్వు. నేను ప్రతిసారీ వేరే స్తంభం చూపించేదాన్ని. ఇంకో సంబంధం వస్తే కుజదోషం ఉందని ముందే చెప్పేయండి. దాచి పెళ్లి చేసే మాట ఎత్తొద్దు. అది విని కూడా వచ్చేవాళ్లతోనే నేను మాట్లాడతాను.

బత్తాయి తోటకు నీళ్లు అందుతున్నాయా? బోరు మోటరు రివైండింగ్‌కు డబ్బులు తమ్ముడి ఖాతాలో వేశాను. వాడు ఫీజులో కలిపేసుకోకుండా చూడు. నాయనమ్మ కంట్లో చుక్కల మందు అయిపోయిందేమో కనుక్కో. సకినాలు ఈసారి కొంచెం కారం ఎక్కువేసి చేయమను.

నీ బిడ్డ