బిడ్డా, బోర్డు మీద ఏం రాయాలంటే

వరంగల్,
శుక్రవారం రాత్రి

బిడ్డా,

బాపు ఆశీస్సులు. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను చెప్పాలనుకున్నది మరిచిపోతాను. అందుకే కాగితం మీద పెడుతున్నా. మీ అమ్మ ఇందాకటిదాకా పక్కన కూర్చుని "వాట్సాప్‌ల పెట్టరాదూ" అని సతాయించి ఇప్పుడే పడుకుంది. ఇంత పొడుగు వాట్సాప్‌లో ఎవరు చదువుతారు?

నువ్వు పెట్టబోయే క్రిప్టో సేవల దుకాణానికి హనుమకొండ చౌరస్తా దగ్గరి షట్టర్ చూసొచ్చాను, ఆ సంగతి చివర్లో రాస్తా. ముందు నువ్వు అడిగినది. "బాపూ, క్రిప్టో అంటే ఏందో మనోళ్లకు అర్థమయ్యేటట్టు ఒక్క వాక్యం రాసియ్యి, బోర్డు మీద పెడతా" అన్నావు. నాలుగు రోజులుగా రాస్తున్నా, కొట్టేస్తున్నా. ఎనుమాముల మార్కెట్ యార్డులో 31 ఏళ్లు అడ్తి (కమీషన్) దుకాణం పద్దులు రాసిన చెయ్యి, ఒక్క వాక్యం దగ్గర ఇంతసేపు ఎన్నడూ ఆగలేదు.

మొదట 'కంప్యూటర్‌లో ఉండే డబ్బు' అని రాశాను. బ్యాంకులో నా పైసలు కూడా కంప్యూటర్‌లోనే ఉన్నాయి కదా. బజ్జీల బండి మీద స్కాన్ చేసి కొట్టేదీ అదే. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబర్ నుంచి మామూలు జనానికి డిజిటల్ రూపాయి కూడా మొదలుపెట్టింది. అవన్నీ రూపాయలే, వెనక సర్కారు ఉంది. కొట్టేశాను.

తరువాత 'సర్కారు లేని డబ్బు' అని రాశాను. కొంచెం దగ్గరికొచ్చింది గానీ మా నాయనమ్మ పెట్టె గుర్తొచ్చి ఆగిపోయాను. దాని అడుగున చార్మినార్ బొమ్మ వెండి రూపాయలు నాలుగు ఉండేవి, నీకు చూపించాను, గుర్తుందా? హాలీ సిక్కా, నిజాం రూపాయి. ఇండియా రూపాయిని ఆమె చివరిదాకా 'కల్దారు' అనే అన్నది. ఏడు హాలీలకు ఆరు కల్దార్లని లెక్క. హైదరాబాదు రాజ్యం ఇండియాలో కలిశాక కొన్నేళ్లు రెండూ నడిచాయి. 1959లో హాలీకి చెల్లుబాటు పోయింది. ఆ తరువాత వాటితో దుకాణంలో ఉప్పు కూడా రాదు, కానీ కంసాలి తూకం వేసి వెండి ధర కట్టిస్తాడు. డబ్బుకు వెనక సర్కారైనా ఉండాలి, లోపల వెండైనా ఉండాలి అని నా లెక్క. క్రిప్టోల్లో మొదటిదైన బిట్‌కాయిన్‌కు ఆ రెండూ లేవు. మరి 2009 నుంచి ఎట్లా నిలబడ్డది? ఇదే నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు.

జవాబు నా పాత పద్దు పుస్తకంలోనే దొరికింది. పేజీ నిండగానే అడుగున మొత్తం వేస్తాం, అదే అంకెను తరువాతి పేజీ నెత్తిన ఎక్కిస్తాం. ఎవడైనా వెనక్కి పోయి పదో పేజీలో ఒక సున్నా దిద్దాడనుకో, పదకొండు నుంచి ఆఖరు దాకా ఒక్క మొత్తమూ కలవదు. సతోషి నకమోటో అనే పేరుతో 2008 అక్టోబర్ 31న బయటికొచ్చిన తొమ్మిది పేజీల కాగితంలో (ఆ పేరు వెనక మనిషెవరో ఇప్పటికీ తేలలేదు) నా బుర్రకు ఎక్కినంత వరకు ఉన్నది ఇదే. పేజీని బ్లాక్ అంటారు. సుమారు పది నిమిషాలకొక పేజీ. ప్రతి పేజీ నెత్తిన వెనక పేజీ ముద్ర ఉంటుంది. పుస్తకం ఏ ఒక్క సేటు దగ్గరా ఉండదు, ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో నకళ్లు ఉంటాయి. ఒకడు తన నకలు దిద్దుకుంటే మిగతావి ఒప్పుకోవు. పేజీ రాయడానికి కంప్యూటర్లు పోటీపడి, కరెంటు కాల్చి లెక్క తేలుస్తాయి. తేల్చినవాడికి కూలి కొత్త కాయిన్లలో. మొదట్లో పేజీకి 50 ఇచ్చేవారు. దాదాపు నాలుగేళ్లకోసారి సగం చేసుకుంటూ వచ్చి 2024 ఏప్రిల్ నుంచి 3.125 ఇస్తున్నారు. మొత్తం 2 కోట్ల 10 లక్షలకు మించి పుట్టవు.

నాణెం అని పేరు పెట్టారు గానీ లోపల ఉన్నది పద్దు. ఇది తట్టాక వాక్యం వచ్చింది:

'ఏ బ్యాంకూ, ఏ సర్కారూ రాయని, వేల మంది దగ్గర నకలున్న పద్దు పుస్తకంలో ఒక అంకె. తాళం ఎవరి చేతిలో ఉంటే అంకె వాళ్లది. ధరకు ఎవరి హామీ లేదు.'

ఒక్కటి అడిగితే మూడైనాయి. చివరిది తీసెయ్యమంటే తీయను. 'కరెన్సీ' అనే మాట కావాలనే పెట్టలేదు. మన పన్ను చట్టంలోనే దీన్ని 'వర్చువల్ డిజిటల్ అసెట్' అన్నారు, అంటే ఆస్తి. బోర్డు మీద కరెన్సీ అని పెద్దక్షరాలతో రాస్తే చిరిగిన నోట్లు మార్చే దుకాణం అనుకుని వస్తారు.

ధర ఎంత అని అడిగేవాళ్లకు యార్డులో వేలం, అదే జెండా పాట, గుర్తుచెయ్యి. మిర్చి సీజన్‌లో మేలురకం లాటుకు పలికిన ధర మరునాడు పేపర్లో వస్తుంది. అది చూసి రైతు బస్తాలు వేసుకొస్తాడు. తేమ ఉందని, తాలు ఉందని కోసి చేతిలో పెట్టేది వేరు. 2010 మే 22న అమెరికాలో ఒకాయన రెండు పిజ్జాలకు పదివేల బిట్‌కాయిన్లు ఇచ్చాడు. ఇప్పటి ధరతో అది లెక్కగట్టి జనం నోరెళ్లబెడతారు. 2017 డిసెంబర్‌లో అదే కాయిన్ 20,000 డాలర్ల అంచుకు పోయి, ఏడాది తిరిగేసరికి 4,000 కిందికి దిగింది. అప్పుడు కొన్నవాళ్లు ఏ పేపర్‌కూ ఎక్కలేదు.

ఆ చలికాలం సంగతి ఒకటి నీకు ఇన్నాళ్లూ చెప్పలేదు. మీ అమ్మకు కూడా.

పత్తి జోరుగా వస్తున్న రోజులు, అందరి చేతుల్లో నాలుగు పైసలు ఆడుతున్నాయి. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబ్‌తో ఒక మనిషి యార్డుకు రావడం మొదలుపెట్టాడు. ఏదో కాయిన్ పేరు చెప్పాడు, బిట్‌కాయిన్‌కు తమ్ముడన్నాడు. పది నెలల్లో మూడింతలు, ఇద్దరిని చేర్పిస్తే ఇంకా ఎక్కువ. చిట్టీ ఎత్తుకున్న పైసల్లోంచి 40,000 పెట్టాను. నేను పెట్టడం చూసి ఇద్దరు హమాలీలు, తూకం వేసే దడ్వాయి ఒకడు కూడా పెట్టారు. "గుమాస్తా సారే పెట్టిండు" అని ఒకరికొకరు చెప్పుకున్నారట. యాప్‌లో అంకె రోజూ పెరిగేది. పొద్దున టీ తాగుతూ నలుగురం అదే చూసుకునేవాళ్లం. మార్చిలో తీసుకుందామంటే సర్వర్ మారుస్తున్నాం, ఆగండి అన్నారు. ఏప్రిల్‌కు యాప్ తెరుచుకోలేదు, వాడి ఫోన్ మోగలేదు. ఆ ముగ్గురికీ రెండేళ్ల పాటు నా జీతంలోంచి కొంచెం కొంచెం కట్టాను. నీ ఎంసెట్ కోచింగ్ ఫీజు ఆ ఏడాది రెండు విడతల్లో ఎందుకు కట్టానో నీకు అప్పుడు వేరే కారణం చెప్పాను.

ఎక్కడ మోసపోయానో చాలా రోజులకు గానీ తెలియలేదు. ఆ కాయిన్‌కు పద్దు పుస్తకమే లేదు. వాడి యాప్‌లో కనబడే అంకె తప్ప, బయటివాడు తెరిచి చూసుకునే చిట్టా ఎక్కడా లేదు. బిట్‌కాయిన్ అయితే ఏ పద్దు ఎప్పుడు ఎక్కిందో నేను కూడా ఇక్కడ కూర్చుని ఫోన్‌లో చూడొచ్చు. అన్నేళ్లు పద్దులు రాసినవాణ్ని, 'పుస్తకం చూపించు' అని ఒక్క మాట అడగలేదు బిడ్డా. పుస్తకం ఉన్నవాటిల్లోనూ చెత్త బోలెడంత ఉంది, అది వేరే సంగతి. పుస్తకమే లేనిదాన్ని మాత్రం రెండో నిమిషం చూడనక్కర్లేదు. నీ దుకాణానికి కొత్త కాయిన్ పేరు పట్టుకుని ఎవరొచ్చినా ఈ పరీక్ష చేసి చూపించు, దానికి పైసలు తీసుకోకు. అప్పటికే మోసపోయి వస్తే ముందు సైబర్ మోసాల నంబరు 1930కు ఫోన్ చేయించు, మిగతా మాటలు తరువాత. మాకు అప్పుడు ఆ నంబరు లేదు.

ఇక నీ జాబితా. దుకాణంలో చేస్తానని ఐదు పనులు రాశావు, రెండు కొట్టేశాను. కోప్పడకు.

నగదు తీసుకుని కాయిన్ ఇవ్వడం, కాయిన్ తీసుకుని నగదు ఇవ్వడం వద్దు. కస్టమర్ల పన్నెండు మాటల కాగితాలు (వాళ్ల కాయిన్లకు తాళం ఆ మాటలే) నీ లాకర్లో దాచడం అసలే వద్దు. ఒకరి కోసం వీటిని మార్చడం, బదిలీ చేయడం, దాచిపెట్టడం వ్యాపారంగా చేసేవాళ్లను 2023 మార్చి నుంచి మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు. ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి, కస్టమర్ల వివరాలు, లావాదేవీల రికార్డులు పెట్టాలి. చిన్న షట్టర్‌లో అయ్యే పని కాదు. చట్టం పక్కన పెట్టినా, మన వెనక సందు పిల్లగాడి సంగతి విను. ఫోన్‌లో ఎవరికో కాయిన్ అమ్మి ఖాతాలో 18,000 వేయించుకున్నాడు. ఆ పైసలు ఎక్కడో ఎవరినో సైబర్ మోసం చేసి తెచ్చినవట. వేరే రాష్ట్రం పోలీసుల నుంచి కాగితం వచ్చింది, ఖాతా ఆగిపోయింది. వాడి తప్పేం లేదు, అయినా నాలుగు నెలలు తిరిగాడు. నీ ఖాతాకు ఆ గతి పడితే షట్టర్ అద్దె ఎవరు కడతారు?

దాచడం గురించి ఇంకో మాట. సేటు ఎన్నోసార్లు గల్లాపెట్టె తాళం నా చేతికివ్వబోయాడు, నేను పట్టలేదు. పద్దు రాస్తా గానీ పైసలు ముట్టనని చెప్పాను. అందుకే ఆ దుకాణంలో ముగ్గురు సేట్లు మారినా నేను మారలేదు. 2024 జులైలో మన దేశంలోనే, కాయిన్లు కొని అమ్ముకునే ఒక పెద్ద ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన కాయిన్లు ఎత్తుకుపోయారు. అంత పెద్దవాళ్లకే ఆగనిది మన ఇనప బీరువాకు ఆగుతుందా?

మూడోది, వాలెట్ (కాయిన్ల తాళం ఉంచుకునే యాప్) పెట్టించి నేర్పడం. మంచి పని, చెయ్యి. కానీ ఆ పన్నెండు మాటలు, కొన్నిట్లో 24, ఉన్నాయి చూడు, అవి 2,048 మాటల జాబితాలోంచి వస్తాయి. జపనీస్‌లో, కొరియన్‌లో అట్లాంటి జాబితాలు ఉన్నాయి గానీ తెలుగులో లేదు. ఇంగ్లిష్ రానివాళ్లు "నువ్వే రాసియ్యి బిడ్డా" అంటారు. రాయకు. ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు వాళ్ల చేతనే అక్షరం అక్షరం దింపించు. వాళ్లు రాస్తున్నంతసేపు నీ కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చో. ఫోటో తీసుకోనివ్వకు. కాగితం ఎక్కడ పెట్టారో నీకు చెప్పొద్దను, ఇంట్లో ఇంకొకరికి మాత్రం చెప్పి ఉంచమను. మనిషి పోతే అంకె పుస్తకంలో అట్లనే ఉంటుంది, తాళం లేకపోతే ఏ వారసత్వ పత్రమూ దాన్ని తెరవలేదు.

నాలుగోది, పన్ను లెక్కలు రాసివ్వడం. నువ్వు దాన్ని జాబితాలో కింద పడేశావు, నన్నడిగితే నీకు అన్నం పెట్టేది అదే. ఒక లెక్క చూడు. లక్షకు కొన్న కాయిన్‌ను ఒకాయన 1,60,000కు అమ్మాడు. అదే ఏడాది ఇంకోటి అమ్మి 40,000 పోగొట్టుకున్నాడు. జేబు లెక్కలో మిగిలింది 20,000. పన్ను లెక్క అట్లా నడవదు. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం, ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసెయ్యనివ్వరు. 60,000 మీద 18,000, దాని మీద 4 శాతం సెస్సు 720. మొత్తం 18,720. ఆయనకు మిగిలేది 1,280 రూపాయలు! కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీయనివ్వరు. ఎక్స్ఛేంజ్‌లో అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ ముందే కోసుకుంటారు, అది పన్నులో జమకు వస్తుంది. కాయిన్ ఇచ్చి కాయిన్ తీసుకున్నా అమ్మినట్టే లెక్క. జీతగాళ్లు మామూలుగా వేసే ఐటీఆర్-1లో దీనికి చోటు లేదు, రెండో మూడో వేయాలి. ఇవన్నీ నువ్వే నాకు చెప్పావు, నేను కూర్చి రాశానంతే. కాయిన్లు కొన్న పిల్లల్లో ఎంతమందికి ఇది తెలుసు? తేదీలవారీగా పద్దు నువ్వు తయారుచెయ్యి, చివరి సంతకం చార్టర్డ్ అకౌంటెంట్‌ది ఉండనీ.

ఐదోది కాలేజీల్లో క్లాసులు. చెప్పుకో, నాకేం పట్టింపు లేదు.

ఫీజు మాత్రం పనికింత అని తీసుకో, శాతం లెక్కన వద్దు. అడ్తిలో సేటుకు కమీషన్ అమ్మిన సరుకు మీద వస్తుంది, కాబట్టి అందరూ ఇవ్వాళే అమ్మాలని ఆయనకు ఉంటుంది. నాకు నెల జీతం, సరుకు అమ్మినా అమ్మకపోయినా అంతే. అందుకే రైతులు "ఇయ్యాల అమ్మాల్నా, ఆగాల్నా" అని సేటును అడగకుండా నా బల్ల దగ్గరికొచ్చి మెల్లగా అడిగేవాళ్లు.

షట్టర్‌కు నెలకు 6,500 అన్నాడు, 6,000కు దించాను. మూడు నెలల అడ్వాన్సు అడుగుతున్నాడు, రెండుకు ఒప్పిస్తా. గట్టి వాన పడితే మెట్టు దాటి నీళ్లు వస్తాయని పక్క టైలర్ చెప్పాడు, కంప్యూటర్ బల్ల ఎత్తుగా చేయిద్దాం. ఫ్లెక్సీ వాడు అక్షరాలకు తీసుకోడు, చదరపు అడుక్కు తీసుకుంటాడు. కాబట్టి ఆ మూడో వాక్యం ఉన్నా ఒక్క పైసా పెరగదు, అడిగొచ్చాను.

రేపు పోస్టులో వేసే ముందు ఈ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపిస్తా, నలభై వేల సంగతితో సహా. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ముందు ఆమెతోనే మాట్లాడు.

మీ బాపు