పాత యుద్ధ హెలికాప్టర్లు అమ్మేముందు మా మాట కూడా వినండి: రక్షణ మంత్రి గారికి సునాబేడా నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. ఒడిశా కోరాపుట్ జిల్లా సునాబేడా నుంచి రాస్తున్నాను. ఇంగ్లీషులో టైపు చేయించి పైకి పంపిన అర్జీలకి జవాబు రాలేదు, హిందీలో రాయించినవాటికీ రాలేదు, గ్రీవెన్సులో ఇచ్చినదానికి ఒక రసీదు మాత్రం చేతిలో పెట్టారు. అందుకే ఇప్పుడు నాకు వచ్చిన భాషలో నలుగురూ చదివేలా రాసేస్తున్నాను, ఎవరో ఒకరు చదివి మీ చెవిన వేస్తారని ఆశ.

విషయం మీకు తెలియనిది కాదు. మన ఎయిర్‌ఫోర్స్‌లో రష్యా నుంచి వచ్చిన పాత ఎంఐ-25, ఎంఐ-35 యుద్ధ హెలికాప్టర్ల కాలం అయిపోతోంది. అమెరికా అపాచీ యుద్ధ హెలికాప్టర్లు 22 వచ్చేశాయి, ఆర్మీకి విడిగా ఇంకో ఆరు తీసుకున్నారు, 2025 మార్చిలో 62,700 కోట్లకి మన దేశంలోనే తయారయ్యే 156 ప్రచండ్ యుద్ధ హెలికాప్టర్ల కాంట్రాక్టు మీద సంతకాలు అయ్యాయి. చాలా సంతోషం. కొత్తవి వచ్చేకొద్దీ పాతవి మిగులుతాయి, మిగిలినవాటిని స్నేహంగా ఉండే దేశాలకి ఇవ్వడమో అమ్మడమో చేస్తారు, ఇదివరకు జరిగినదే. పైగా 2029కల్లా 50,000 కోట్ల రక్షణ ఎగుమతులు చేయాలని టార్గెట్ పెట్టుకున్నారు, 2024-25లో 23,622 కోట్ల దాకా వచ్చామని మీ శాఖే చెప్పింది. కాబట్టి అమ్మొద్దు అని నేను అనడం లేదండి. అమ్మిన తర్వాత దాని బాగోగులు ఎవరు చూస్తారు, ఆ పని ఎవరికి ఇస్తారు, అదే నా బాధ.

అఫ్గానిస్తాన్ సంగతే తీసుకోండి. 2015 డిసెంబర్ నుంచి మన ఎంఐ-25లు నాలుగు వాళ్ళకి ఇచ్చాం. అప్పుడు ఇక్కడ అందరం గర్వపడ్డాం, కష్టంలో ఉన్న దేశానికి అంతకంటే పెద్ద సాయం ఏముంటుంది అనుకున్నాం. మూడు నాలుగేళ్ళు తిరక్కుండానే వాటి బదులు ఇంకో నాలుగు కావాల్సి వచ్చింది, అవి కూడా మన దగ్గరవి కాదు, బెలారస్ నుంచి మన డబ్బుతో కొన్న ఎంఐ-24లు, 2019లో రెండు విడతలుగా అప్పగించారు. మరి 2021 ఆగస్టులో కుందుజ్ ఎయిర్‌పోర్టు తాలిబాన్ల చేతికి పోయినప్పుడు వచ్చిన వీడియో మీరూ చూసే ఉంటారు. మనం ఇచ్చిన హెలికాప్టరే అది, నెత్తిమీద రెక్కలు ఒక్కటి లేకుండా ఊడదీసి మొండిగా నిలబెట్టి ఉంది, పక్కన తుపాకులు పట్టుకున్న మనుషులు. ఇంజన్ల మధ్య పుట్టిపెరిగినవాళ్ళకి ఆ బొమ్మ చూస్తే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఎవరి తప్పు అని తేల్చడం నా పని కాదు, ఆ దేశమే కూలిపోయింది. కానీ అంతకుముందు మూడు నాలుగేళ్ళకే కొత్తవి ఎందుకు కావాల్సి వచ్చాయో, ఇచ్చినవాటికి స్పేర్లు ఎన్ని పంపామో, ఎంతమంది మెకానిక్కులకి పని నేర్పామో ఎవరైనా లెక్క చెప్పారా అండి? రేపు ఇంకో దేశానికి ఇచ్చేటప్పుడైనా చెబుతారా?

ఈక్వడార్ సంగతి ఇంకా నొప్పి. అవి యుద్ధ హెలికాప్టర్లు కావు, పాతవీ కావు, మన దేశంలో తయారైన కొత్త ధ్రువ్ హెలికాప్టర్లు, 2009 నుంచి ఏడు ఇచ్చాం, నాలుగు కూలిపోయాయి, 2015లో వాళ్ళు కాంట్రాక్టు రద్దు చేసేశారు. స్పేర్లు సరిగా అందలేదని వాళ్ళు, మెయింటెనెన్సు సరిగా చేయలేదని మనవాళ్ళు. రెండు మాటల్లో ఏది నిజమైనా, అమ్మాక వెనకాల నిలబడే మనిషి లేకపోతే కొత్త మిషనుకే ఆ గతి పట్టింది, ముప్ఫై నలభై ఏళ్ళు ఎగిరిన పాత మిషను గతి ఏంటి?

వేరే దేశాల పద్ధతి చూడండి. చెక్ రిపబ్లిక్ వాళ్ళు తమ పాత ఎంఐ-24లు ఉక్రెయిన్‌కి ఇచ్చేస్తే అమెరికా తన దగ్గర మిగిలిన ఆరు వైపర్, రెండు వెనమ్ హెలికాప్టర్లు వాళ్ళకి ఉచితంగా ఇచ్చింది. ఉచితం అన్నది హెలికాప్టర్ వరకే, ఆ తర్వాత ఏళ్ళ తరబడి స్పేర్లూ ట్రైనింగులూ రిపేర్లూ అన్నీ అమెరికా కంపెనీల వైపే నడుస్తాయి. ఆస్ట్రేలియా వాళ్ళయితే టైపాన్ హెలికాప్టర్లు ఉక్రెయిన్ అడిగినా ఇవ్వకుండా విప్పేసి భూమిలో పూడ్చేశారు. అంత పాడు పని మనం చేయకూడదు.

ఇక అసలు మాటకి వస్తానండి. ఎంఐ-35కి ఉండేది టీవీ3-117 ఇంజన్, ఎంఐ-17కి కూడా అదే కుటుంబం ఇంజన్. ఆ ఇంజన్లు ఎక్కువగా తయారైంది ఉక్రెయిన్‌లోని జపొరీజియాలో, మోటార్ సిచ్ అనే ఫ్యాక్టరీలో. హెలికాప్టర్ బాడీ రష్యాది. 2022 నుంచి ఆ రెండు దేశాలూ కొట్టుకుంటున్నాయి. ఆఫ్రికాలో ఆసియాలో ఈ మిషన్లు పెట్టుకున్న దేశాలు ఎన్నో, అందరికీ స్పేర్లే కరువు. మన చండీగఢ్‌లో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ 3 బేస్ రిపేర్ డిపో ఉంది, ఎంఐ హెలికాప్టర్లు మొత్తం విప్పి బిగించే పని వాళ్ళకి దశాబ్దాలుగా వచ్చు. అంటే పని తెలిసినవాళ్ళు మన దేశంలోనే ఉన్నారు, పని కావాల్సినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, స్పేర్లు కావాల్సిన దేశాలు బయట ఎదురుచూస్తున్నాయి. ఈ మూడూ కలపడానికి ఒక కాగితం చాలు, ఆ కాగితం మీద సంతకం మీది. రష్యా ఒప్పుకోలు కావాలి, డిజైన్ హక్కులు వాళ్ళవి, ఆ చిక్కులన్నీ నాకూ తెలుసు. బుష్‌లు, బ్రాకెట్లు, పైపు ఫిట్టింగులు, రిపేరప్పుడు పార్టుల్ని పట్టి ఉంచే జిగ్గులు, ఫిక్చర్లు, గ్రౌండ్ మీద వాడే స్టాండులు, వీటికి కూడా మాస్కో వైపే చూడాలా?

మా ఊరు మీకు తెలుసు. 1964లో మిగ్ యుద్ధ విమానాల ఇంజన్లు చేసే హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీ కోసం పుట్టిన టౌన్‌షిప్ ఇది. శ్రీకాకుళం, విజయనగరం నుంచి సాలూరు మీదుగా సుంకి ఘాటీ ఎక్కి వచ్చిన మా పెద్దవాళ్ళు ఇక్కడే స్థిరపడ్డారు. మేం ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, సంతలో ఇక్కడి కొండప్రాంతం వాళ్ళ దేశియా భాష మాట్లాడతాం. ఈ ఫ్యాక్టరీ కోసం భూములిచ్చిన ఆదివాసీ కుటుంబాలు చుట్టూ ఇంకా ఉన్నాయి, వాళ్ళ మనవలు ఐటీఐ చదివి నా షాపు గుమ్మం దగ్గరకి వచ్చి పని అడుగుతున్నారు. మిగ్-21కి 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో వీడ్కోలు చెప్పినప్పుడు ఇక్కడి రిటైరైన పెద్దాయనలు టీవీ ముందు కళ్ళు తుడుచుకున్నారండి. 2024లో ఆ ఫ్యాక్టరీకి 240 సుఖోయ్ విమాన ఇంజన్లకి 26,000 కోట్ల ఆర్డరు ఇచ్చారు, దానికి చేతులెత్తి దండం పెడుతున్నాను. నేను మాట్లాడేది గేటు బయట ఉన్న చిన్న షాపుల గురించి.

నాది చిన్న మెషిన్ షాపు. రెండు లేతులు, ఒక మిల్లింగ్, లోనుమీద తెచ్చిన ఒక సీఎన్‌సీ, అంటే కంప్యూటరుతో నడిచే మిషను. ఆ సీఎన్‌సీ ఎందుకు కొన్నానంటే ఒక వెండర్ మీటింగులో, ఏ సంస్థదో పేరు చెప్పను, స్టేజీ మీద పెద్దాయన మైకులో చెప్పారు, డిఫెన్స్ స్పేర్లన్నీ ఇక దేశంలోనే చేస్తాం, హెలికాప్టర్ పార్టులు కూడా ఇస్తాం, మీరు మిషన్లు పెట్టుకోండి, ఆర్డర్లు మేం చూసుకుంటాం అని. భోజనాలు పెట్టారు, బ్యాగులు ఇచ్చారు, ఫొటోలు తీశారు. మిషన్ వచ్చింది, ఈఎంఐ మొదలైంది, ఆర్డర్ రాలేదు.

తర్వాత ఒక శాంపిల్ పని వచ్చింది, ఫాస్ఫర్ బ్రాంజ్ బుష్. లోపలి సైజులో తేడా పది మైక్రాన్లు దాటకూడదు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు. మా దగ్గర చలికాలం పొద్దున్న చేతులు కొంకర్లు పోతాయి, మధ్యాహ్నానికి షెడ్డు రేకులు కాలతాయి, అదే బుష్‌ని పొద్దున్న కొలిస్తే ఒక రీడింగు, మధ్యాహ్నం ఇంకో రీడింగు. మా కుర్రాడు ఏం చేసేవాడంటే చేసిన బుష్, లోపలి సైజు కొలిచే బోర్ గేజీ, దాన్ని సరిచూసుకునే సెట్టింగ్ రింగూ మూడూ ఒకే ఇనప బల్ల మీద గంటసేపు పెట్టి, అన్నీ ఒకే వేడికి వచ్చాక అప్పుడు కొలిచేవాడు, ఎవరూ వాడికి చెప్పలేదు. అలా చేసి పంపితే వెనక్కి వచ్చాయి. సైజు తప్పు లేదట, మెటీరియల్ మిల్లు సర్టిఫికెట్‌లో హీట్ నంబరు, అంటే ఆ లోహం ఏ విడతలో కరిగించారో చెప్పే నంబరు, సరిగా లేదట. సరే, విశాఖ వెళ్ళి వేరే సప్లయర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న రాడ్ ఎక్కువ రేటుకి కొని మళ్ళీ చేశాం. ఈసారి ఏఎస్ 9100, అంటే విమాన పార్టులు చేసేవాళ్ళకి ఇచ్చే క్వాలిటీ సర్టిఫికెట్, ఉందా అన్నారు. మా సైజు షాపుకి దాని ఖర్చు ఎంతో మీ అధికారుల్ని అడగండి. అప్పు చేసి దానికీ దిగాం. ఆ లోపల ఆ ఐటెమ్‌ని ఆర్డర్లు పెట్టే వెబ్‌సైటు పోర్టల్‌లోంచే తీసేశారు, ఎందుకో చెప్పేవాళ్ళు లేరు. వేరే పని ఒకటి చేసి ఇస్తే డబ్బులు నెలల తరబడి రాలేదు. చిన్న యూనిట్లకి 45 రోజుల్లో చెల్లించాలని 2006 చిన్న పరిశ్రమల చట్టంలో ఉంది, ఆ చట్టం కాపీ పట్టుకుని తిరిగితే, పెద్దవాళ్ళతో గొడవ పెట్టుకుంటే ముందు ముందు ఆర్డర్లు రావు బాబూ అని ఒక గుమస్తా గారు మెల్లిగా చెప్పారు. ఆయన మంచికే చెప్పారు. మరి నేను ఏం చేయాలి?

ఆ బుష్ కొలిచిన కుర్రాడు ఇప్పుడు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ చేస్తున్నాడు. పండక్కి వచ్చినప్పుడు షాపుకి వచ్చి మిషన్ మీద కప్పిన టార్పాలిన్ ఎత్తి చూసి "ఏటి గురూగారూ, ఆర్డరేమైనా వచ్చిందేటి" అని అడుగుతాడు. వాడికి ఏం చెప్పమంటారు?

ఇంకో మాట కూడా చెప్పాలి, పనికోసమే మాట్లాడుతున్నాడు అనుకోకండి. మా కొండల్లో హెలికాప్టర్ మోత వినపడితే పిల్లలు బయటకి పరిగెత్తుతారు, కొన్ని ఊళ్ళలో పెద్దవాళ్ళు లోపలికి పోతారు. ఎంఐ-35 లాంటిది పంటలకి మందు కొట్టేది కాదు, రాకెట్లు వేసేది. కొన్న ప్రభుత్వం దాన్ని సొంత జనం ఊళ్ళమీదకి పంపితే ఆ పాపంలో మన వాటా కూడా ఉంటుంది. ఎవరికి అమ్ముతున్నామో, దేనికి వాడతామని రాసిచ్చారో, ఇంకొకరికి మారిస్తే ఏం చేస్తామో అన్నీ పార్లమెంటులో పెట్టండి. దేశభద్రత అని మూసేయకండి, పనికిరాదని పక్కనపెట్టిన మిషను గురించే కదా అడుగుతున్నాం. స్పేర్లు మన చేతిలో ఉంటే ఆ పట్టు కూడా మన చేతిలోనే ఉంటుంది, తప్పు పని చేసిన రోజు సప్లై ఆపొచ్చు. వట్టి హెలికాప్టర్ అమ్మి చేతులు దులుపుకుంటే ఆ మాట అడిగే హక్కు కూడా పోతుంది.

దయచేసి వినండి. పాత యుద్ధ హెలికాప్టర్ ఏదైనా బయటకి ఇస్తే దాంతోపాటు కనీసం పదేళ్ళ స్పేర్లు, రిపేర్లు, ట్రైనింగు ఒప్పందంలోనే రాయండి, ఆ పనిలో కొంత వాటా మాలాంటి చిన్న షాపులకి అని అక్కడే రాయండి. నోటి మాట వద్దు, మైకులో హామీ వద్దు, కాగితం మీద కావాలి. శాంపిల్‌కి ముందే ఏ సర్టిఫికెట్లు కావాలో చెప్పమనండి. చేసిన పనికి డబ్బులు 45 రోజుల్లో ఇప్పించండి. ఏఎస్ 9100 ఖర్చు నలుగురైదుగురు షాపుల వాళ్ళం కలిసి పెట్టుకునే వీలు చూపించండి. భూములిచ్చిన వాళ్ళ మనవలకి ఆ పనిలో అప్రెంటిస్ ఇప్పించండి, ఈ మాట ఎన్నిసార్లు అడిగామో, ఇంకా అడుగుతూనే ఉంటాం. అమ్మండి గానీ స్పేర్లతో అమ్మండి.

మీ అధికారి ఒకరిని ఇక్కడికి పంపండి, మీటింగు వద్దు, బ్యాగులు వద్దు, సెమిలిగుడ రోడ్డులో మా షాపులు నాలుగైదు చూసి వెళ్తే చాలు. చేసిన బుష్‌లు ఇంకా నా దగ్గరే నూనె రాసి ఉన్నాయి, బోర్ గేజీ ఆయన్నే తెచ్చుకుని కొలవమనండి. ఈఎంఐ తేదీ ప్రతి నెలా ఐదు, ఆ లోపల వస్తే మాకూ మేలు.

ఇట్లు,
సునాబేడా నుంచి ఒక చిన్న మెషిన్ షాపు యజమాని