నగానో స్టేషన్‌లో ఎర్ర టోపీ ఆవిడకు

అమ్మా, ఆ రోజు కంగారులో మీ పేరు కూడా అడగలేదు. అందుకే ఇలా అందరి ముందూ థాంక్స్ చెప్పుకుంటున్నాను.

హైదరాబాద్‌లో పెరిగిన నాకు మంచు అంటే ఫ్రిజ్‌లో గీకి తీసేదే. అలాంటిది జపాన్ మంచుకొండల్లోని హకుబాలో స్కీయింగ్ నేర్చుకుందామని, ఒక్కసారైనా జారకముందే సొంత స్కీలు, బూట్లు కొనేశాను. తెలివంటే నాదే! నరీతా విమానాశ్రయంలో దిగగానే ఆ స్కీల బ్యాగును తక్యూబిన్‌లో, అంటే అక్కడి కొరియర్‌లో, హకుబా లాడ్జికి పంపేశాను. జపాన్‌లో అదో సుఖం, సామాను ముందు పోతుంది, మనం చేతులూపుకుంటూ వెనక వెళ్తాం. రెండు రోజులు టోక్యో తిరిగి, నగానోలో షింకన్‌సెన్, అదే, బుల్లెట్ రైలు, దిగి లాడ్జికి ఫోన్ చేస్తే బ్యాగే రాలేదన్నారు.

హకుబా బస్సుల దగ్గర కొరియర్ రసీదు పట్టుకుని దిక్కులు చూస్తున్న నన్ను మీరే పలకరించారు. దాని మీది 12 అంకెల నంబరు చూసి కొరియర్ వాళ్లకు ఫోన్ కలిపారు. బ్యాగు దాదాపు అదే పేరున్న ఇంకో లాడ్జికి చేరిందట. చిరునామా తప్పు రాసింది నేనే. మీరు అరగంట మాట్లాడి దాన్ని దారి మళ్లించారు, ఈలోగా మీ బస్సు వెళ్లిపోయింది. పైగా నా చేతులు వణుకుతున్నాయని ఒక కైరో, అదే, ఆ వేడి పొట్లం, చేతిలో పెట్టారు. "బూట్లు వెంట తెచ్చుకో, స్కీలు ఇక్కడే అద్దెకు తీసుకో" అని ఫోన్‌లో అనువాదం చేసి చూపించారు. కొనకముందు కనిపించి ఉంటే ఎంత బాగుండేది!

బ్యాగు మర్నాడు సాయంత్రం వచ్చింది. మూడో రోజుకు, స్కీల ముందు కొనలు దగ్గరకు చేర్చి, పడకుండా ఆగడం వచ్చింది. చాలా థాంక్స్ అమ్మా.